పిలిస్తే పలికే ప్రోగ్రాం

(లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వాడేవాళ్లూ, దాని మీద ప్రోగ్రాములు రాసేవాళ్లూ కలుసుకున్న ఒక ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మా పెద్దమ్మ టీచరుగా చేసి రిటైరైంది. ఇప్పుడు ఊళ్లో పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి దంపుళ్ల పాటలు, నలుగు పాటలు ఫోన్‌లో రికార్డు చేసుకొస్తుంది. ఇంటికొచ్చి, విని, ఒక్కో పంక్తీ టైపు చేస్తుంది. పాడేవాళ్లలో చాలామందికి ఎనభై దాటాయి. పళ్లు లేని నోటి నుంచి వచ్చే మాట ఒక్కసారికి అందదు. వెనక్కి వెళ్లి వినాలి, మళ్లీ వెనక్కి వెళ్లాలి.

ఒక సాయంత్రం పక్కన కూర్చుని చూశాను. లిబ్రేఆఫీస్‌లో టైపు చేస్తోంది. ఏదో మాట అందలేదు. మౌస్ పట్టుకుని ప్లేయర్ విండో మీద నొక్కింది. గీత మీద ఉన్న చుక్కని కాస్త వెనక్కి లాగబోతే అది అర నిమిషం వెనక్కి పోయింది. అంతా విని, తిరిగి లిబ్రేఆఫీస్ మీద నొక్కితే కర్సర్ ఇంకెక్కడో పడింది. ఒక్క పాటకి ఇలా అరవై సార్ల దాకా లెక్కపెట్టి, ఇక చూడలేక ఆపేశాను. ఎందుకంటే ఆ ప్లేయర్ రాసింది నేనే.

"ఒరేయ్, కుట్టుమిషన్‌కి ఉన్నట్టు దీనికీ కాలి కింద ఒక పెడల్ ఉంటే బాగుండును కదరా, చేతులు కీబోర్డు మీదే ఉండిపోతాయి" అంది.

పెడల్ దొరికింది. యూఎస్‌బీకి తగిలిస్తే కంప్యూటర్ దాన్ని ఇంకో కీబోర్డు అనుకుంటుంది. తొక్కితే ఎఫ్9 నొక్కినట్టు లెక్క. నా ప్లేయర్‌లో ఎఫ్9 నొక్కితే మూడు సెకన్లు వెనక్కి వెళ్లేలా రాసి, గర్వంగా పట్టుకెళ్లి ఇచ్చాను. తొక్కింది. ఏమీ జరగలేదు. ఆ సమయానికి ముందున్న విండో లిబ్రేఆఫీస్. కీ ఏదైనా ముందున్న విండోకే పోతుంది. వెనకున్న నా ప్లేయర్‌కి ఆ కబురే అందలేదు. అంటే నా ప్రోగ్రాం తన మొహం మీద నొక్కితేనే పని చేస్తుంది, వెనక నుంచి పిలిస్తే పలకదు.

దాన్ని పలికేలా ఎలా చేశానో, ఆ దారిలో ఏమేం పాడుచేశానో ఇవాళ చెబుతాను.

రెండు ప్రోగ్రాములు ఒకే తెర మీద పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి ఒకదాని ఫంక్షన్‌ని ఇంకోటి పిలవడం తేలికని కొత్తవాళ్లు అనుకుంటారు. కానీ రెంటి మెమరీ వేరు, మధ్యలో కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ, కట్టిన గోడ ఉంటుంది. ఆ గోడ ఉండాల్సిందే, లేకపోతే ఒకటి చెడిపోతే పక్కదాన్నీ చెడగొడుతుంది. కాబట్టి పిలవాలంటే సందేశం పంపాలి. లినక్స్ డెస్క్‌టాప్‌లో ఆ సందేశాలు మోసే పోస్టాఫీసు పేరు డీబస్.

దీని వెనక కొంచెం కథ ఉంది. ఒక ప్రోగ్రాంని ఇంకో ప్రోగ్రాంతో నడిపించాలన్న కోరిక చాలా పాతది. విండోస్‌లో 1987 నాటికే అందుకు డీడీఈ అనే ఏర్పాటు ఉంది, తర్వాత కామ్ వచ్చింది. మాక్‌లో 1993లో ఆపిల్‌స్క్రిప్ట్ వచ్చింది. లినక్స్ వైపు కేడీఈ అనే డెస్క్‌టాప్ రాసేవాళ్లు మొదట కార్బా అనే పద్ధతితో ప్రయత్నించారు. అది మరీ బరువైపోయింది. అప్పుడు మథియాస్ ఎట్రిక్, ప్రెస్టన్ బ్రౌన్ కలిసి డీకాప్ అనే చిన్న ఏర్పాటు రాశారు. 2000 అక్టోబరులో కేడీఈ 2తో అది జనంలోకి వచ్చింది. టెర్మినల్‌లో డీకాప్ అని కొట్టి, అమరాక్ అనే పాటల ప్లేయర్ పేరు రాసి, ప్లేపాజ్ అంటే పాట ఆగేది. నేను మొదటిసారి అది చూసినరోజు, కంప్యూటర్ నిజంగా నాది అనిపించింది. తర్వాత రెడ్‌హ్యాట్‌లో ఉన్న హావక్ పెన్నింగ్టన్, మరికొందరు కలిసి డీకాప్ దారిలోనే, ఏ ఒక్క డెస్క్‌టాప్‌కీ కట్టుబడకుండా డీబస్ మొదలుపెట్టారు. 2006లో దాని 1.0 వెర్షన్ వచ్చింది. 2008 జనవరిలో వచ్చిన కేడీఈ 4 డీకాప్‌ని వదిలి డీబస్‌కి మారిపోయింది. గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్, కేడీఈ ఒకే భాషలో మాట్లాడుకోవడం అలా కుదిరింది.

ఇక పిలవడం ఎలా? నాలుగు వివరాలు కావాలి. ఎవరిని పిలవాలి, అది బస్ పేరు. ఆ ప్రోగ్రాంలో ఏ వస్తువుని, అది ఆబ్జెక్ట్ పాత్. ఏ ఒప్పందం కింద, అది ఇంటర్‌ఫేస్. ఏం చేయమని, అది మెథడ్. పేర్లు ఇంటర్నెట్ డొమైన్‌ని తిరగేసి పెడతారు, ఇద్దరు ఒకే పేరు పెట్టుకోకుండా. ఒక పేరు ఒక సమయంలో ఒక్కరి చేతిలోనే ఉంటుంది. అందువల్ల ఇంకో ఉపయోగం కూడా ఉంది. మీ ప్రోగ్రాంని రెండోసారి తెరిస్తే, పేరు అప్పటికే ఎవరి దగ్గరో ఉందని దానికి తెలుస్తుంది. తెరవమన్న ఫైలుని మొదటిదానికి అప్పగించి తను తప్పుకోవచ్చు.

కోడ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. క్యూటీ అనే టూల్‌కిట్‌లో అయితే బయటికి ఇవ్వదలచిన మెథడ్ల మీద గుర్తు పెట్టి, ఆబ్జెక్ట్‌ని రిజిస్టర్ చేసి, పేరు అడిగి తీసుకుంటే చాలు. పైథాన్‌లోనూ దాదాపు ఇంతే. అరగంట పని. తర్వాత డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో ఎఫ్9కి ఒక కమాండ్ తగిలించాను. ఆ కమాండ్ డీబస్ ద్వారా నా ప్లేయర్‌ని పిలుస్తుంది. కీ ఏ విండోలో నొక్కినా డెస్క్‌టాపే పట్టుకుంటుంది. పెద్దమ్మ తొక్కింది, పాట వెనక్కి వెళ్లింది. ఆవిడ మొహం చూడాల్సింది.

అసలు పని ఆ అరగంట తర్వాత మొదలైంది.

మొదటి తప్పు. బయటికి ఏమివ్వాలో ఆలోచించకుండా, ఉన్నవన్నీ ఇచ్చేశాను. క్యూటీలో అన్ని స్లాట్లనీ, అంటే ఏదైనా జరిగినప్పుడు నడిచే ఫంక్షన్లనీ, ఒకేసారి ఇచ్చే వీలుంది, అది వాడేశాను. దాంతో "ప్లే బటన్ నొక్కినప్పుడు", "స్లైడర్ కదిలినప్పుడు" అనే అర్థం వచ్చే నా లోపలి ఫంక్షన్లన్నీ వీధిలోకి వచ్చేశాయి. కొన్నాళ్లకి తెర మీద స్లైడర్ తీసేసి, దాని చోట ధ్వని తరంగాల బొమ్మ పెట్టాను. దానితోపాటు ఆ ఫంక్షనూ పోయింది. వారానికి ఒకాయన ఉత్తరం రాశారు. కంటిచూపు సరిగ్గా లేని తమ్ముడి కోసం ఆయన ఒక స్క్రిప్టు రాసుకున్నారట, కొత్త వెర్షన్ వచ్చాక అది ఆగిపోయిందట. ఆయన ఎవరో నాకు తెలియదు. నా ప్రోగ్రాంని అలా వాడుతున్నారనీ తెలియదు. కానీ ఆయన స్క్రిప్టు నా మాట మీద ఆధారపడింది, నేను మాట తప్పాను.

అప్పటి నుంచి నేను ఇలా చూస్తున్నాను: బయటికి ఇచ్చిన ప్రతి మెథడ్ ఒక మాట ఇవ్వడమే. మాట ఇచ్చేముందు ఇంట్లో ఎలా ఆలోచిస్తామో అలాగే ఆలోచించాలి. బటన్ పేరు మీద మెథడ్ పెట్టకండి, బటన్ రేపు ఉండకపోవచ్చు. మనిషికి కావలసిన పని పేరు మీద పెట్టండి. వెనక్కి వెళ్లు, ఇక్కడ గుర్తు పెట్టు, ఏ పాట నడుస్తోందో చెప్పు. ఇవి తెర ఎన్నిసార్లు మారినా మారవు. ఇంటర్‌ఫేస్ పేరు చివర ఒక అంకె తగిలించండి, 1 అని. ఒప్పందం మార్చక తప్పని రోజు 2 అని కొత్తది తెరిచి, పాతదాన్నీ పక్కనే నడవనివ్వండి. పాత మెథడ్ మీద "ఇక వాడొద్దు" అని గుర్తు పెట్టే వీలు కూడా డీబస్‌లోనే ఉంది. ఆ ఉత్తరం రాసినాయన కోసం ఆ పాత మెథడ్‌ని వెనక్కి తెచ్చాను. తెర మీద స్లైడర్ లేకపోయినా ఆ పేరుతో పిలిస్తే పని చేస్తుంది.

రెండో తప్పు, ఉన్న ఒప్పందాన్ని వదిలి సొంతది రాసుకోవడం. మీడియా ప్లేయర్లకి ఎంప్రిస్ అనే ఒప్పందం ముందే ఉంది. ప్లేపాజ్, నెక్స్ట్, ప్రీవియస్, సీక్ అన్నీ అందులో ఉన్నాయి. నా సొంత మెథడ్లతోపాటు దాన్ని కూడా పెట్టగానే, నేను ఒక్క లైను రాయకుండానే కీబోర్డు మీద ఉన్న పాట కీలు పని చేశాయి. తెర లాక్ చేసినా పాట పేరు కనిపించింది. కంప్యూటర్‌తో కలిపే కేడీఈ కనెక్ట్ యాప్ పెట్టుకున్న ఫోన్ నుంచి పాట ఆపగలిగాం. పదిమందీ ఒప్పుకున్న పేర్లు వాడితే, మీకు తెలియని ప్రోగ్రాములు కూడా మీ ప్రోగ్రాంని ముందే ఎరిగి ఉంటాయి.

కానీ ఒప్పందాన్ని చివరిదాకా చదవాలి. నేను చదవలేదు. సీక్ అనే మెథడ్‌కి ఎంత దూరం జరగాలో ఒక సంఖ్య ఇస్తారు. నా కోడ్‌లో కాలమంతా మిల్లీసెకన్లలో ఉంది, అదే అనుకున్నాను. ఎంప్రిస్‌లో అది మైక్రోసెకన్లు. పెద్దమ్మ పెడల్‌ని ఎంప్రిస్‌కి మార్చిన రోజు ఏం జరిగిందో చూడండి. పెడల్ కమాండ్ సరిగ్గానే మూడు సెకన్లు వెనక్కి అని 30,00,000 మైక్రోసెకన్లు పంపింది. నా ప్లేయర్ దాన్ని 30,00,000 మిల్లీసెకన్లు అనుకుంది, అంటే యాభై నిమిషాలు. మొదటికంటే వెనక్కి వెళ్లమంటే సున్నా దగ్గర ఆగాలని ఒప్పందంలో ఉంది, అది మాత్రం సరిగ్గా పాటించాను. కాబట్టి పెడల్ తొక్కిన ప్రతిసారీ నలభై నిమిషాల రికార్డింగు మొదటికి వెళ్లిపోయింది. "ఒరేయ్, మూడు సెకన్లు అడిగితే మొత్తం మొదలుపెడుతోందిరా" అని ఫోన్ వచ్చింది. డీబస్ ఆ సంఖ్య 64 బిట్ల పూర్ణాంకమా కాదా అని చూస్తుంది, అది సెకన్లా మరొకటా అని చూడదు. ప్రమాణం ఏదో రాసి పెట్టాల్సింది మనమే. నా సొంత మెథడ్లలో ఇప్పుడు పారామీటర్ పేరులోనే ఆ ప్రమాణం ఉంటుంది.

ఎంప్రిస్‌లో నాకు బాగా నచ్చిన ఒక చిన్న విషయం చెప్పాలి. సెట్ పొజిషన్ అనే మెథడ్‌కి సమయం ఒక్కటే ఇస్తే చాలదు, ఏ పాటలో అన్నది కూడా ఇవ్వాలి. ఎందుకని? సందేశం గాల్లో తేలదు, ప్రయాణం చేస్తుంది. మీరు "రెండో నిమిషానికి వెళ్లు" అని పంపిన క్షణంలో పాట అయిపోయి తర్వాతది మొదలై ఉండొచ్చు. అప్పుడు మీ మాట కొత్త పాటకి తగిలితే తప్పు. పాట గుర్తు కలవకపోతే ఆ కబురుని పట్టించుకోకూడదని ఒప్పందం. పక్క ప్రోగ్రాంతో మాట్లాడేటప్పుడు మీకు తెలిసిన లోకం ఇప్పటికే పాతబడి ఉండొచ్చని ఈ మెథడ్ రాసినవాళ్లు గుర్తుపెట్టుకున్నారు. మీ మెథడ్లు రాసేటప్పుడు ఇదే ప్రశ్న వేసుకోండి: ఈ కబురు కాస్త ఆలస్యంగా అందితే ఏమవుతుంది?

అలాగే, పాట ఎంతవరకు నడిచిందో క్షణక్షణానికీ చాటించకూడదని కూడా ఎంప్రిస్ చెబుతుంది. సెకనుకి పది సార్లు "ఇప్పుడు ఇక్కడ" అని అరిస్తే, వినేవాళ్లందరూ పదిసార్లు నిద్ర లేవాలి, ల్యాప్‌టాప్ బ్యాటరీ కరిగిపోతుంది. పాట నడుస్తున్న వేగం తెలిస్తే ఎదుటివాళ్లే లెక్క కట్టుకోగలరు. అనుకోని చోటికి దూకినప్పుడు మాత్రం సిగ్నల్, అంటే వినేవాళ్లందరికీ ఒక చాటింపు, పంపాలి.

ఇప్పుడు తెలుగువాళ్లకి తప్పనిసరిగా తగిలే విషయం. డీబస్‌లో పేర్లు, మెథడ్లు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ లాంటి ఒకటి రెండు గుర్తులతోనే ఉండాలి, తెలుగు అక్షరాలు కుదరవు. కానీ లోపల మోసే మాటలు అన్ని భాషల అక్షరాలనీ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఉంటాయి కాబట్టి తెలుగు హాయిగా వెళ్తుంది. ఒక షరతు ఉంది, ఆ యూటీఎఫ్-8 సక్రమంగా ఉండాలి. చెల్లని బైటు ఒక్కటి ఉన్నా ఆ సందేశం చెల్లదు. నా ప్రోగ్రాంలో పాట సాహిత్యం నుంచి చిన్న ముక్క చూపించే మెథడ్ ఒకటి ఉండేది. మొదటి 100 బైట్లు కోసి పంపేవాణ్ని. ఇంగ్లిష్‌తో ఎన్నిసార్లు పరీక్షించినా ఏ ఇబ్బందీ రాలేదు. పెద్దమ్మ కంప్యూటర్‌లో మాత్రం ప్లేయర్ ఉన్నపళంగా మూసుకుపోయేది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు పడుతుంది. "నమస్తే" అన్న మాట చూడండి. న, మ, స, పొల్లు, త, ఏత్వం, మొత్తం ఆరు గుర్తులు, 18 బైట్లు. 100ని మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. ఆ మిగిలిన ఒక్క బైటు సగం కోసిన గుర్తు. మధ్యలో ఖాళీలు ఒక్కో బైటువి కాబట్టి కొన్ని పాటలకి కోత సరిగ్గా గుర్తు అంచున పడేది, కొన్నింటికి పడేది కాదు. అందుకే ఒక పాట తెరిస్తే బాగుండేది, ఇంకోటి తెరిస్తే మూసుకుపోయేది. ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను.

బైట్ల దగ్గర కాకుండా గుర్తుల దగ్గర కోస్తే డీబస్ ఊరుకుంటుంది. కానీ అంతటితో ఆగకండి. పొల్లుకీ తకీ మధ్య కోస్తే చదివేవాళ్లకి అక్షరం విరిగి కనిపిస్తుంది. అక్షరం పూర్తయిన చోట, ఇంకా మంచిది మాట పూర్తయిన చోట కోయండి. ఫైలు పేర్ల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. లినక్స్‌లో ఫైలు పేరు యూటీఎఫ్-8లో ఉండి తీరాలన్న నియమం లేదు. పాత సీడీల నుంచి వచ్చిన ఫైళ్లకి ఏ పేర్లయినా ఉండొచ్చు. అందుకని ఫైలు దారిని స్ట్రింగ్‌గా కాక బైట్ల వరుసగా పంపడం క్షేమం.

ఇంకో సంగతి. బయటి నుంచి పిలిచిన మెథడ్ లోపల ఎప్పుడూ డైలాగ్ బాక్స్ తెరవకండి. "మూసేయి" అనే మెథడ్ ఒకటి పెట్టాను. మార్పులు సేవ్ చేయకపోతే "సేవ్ చేయమంటారా" అని అడిగేది. పెద్దమ్మకి ఆ ప్రశ్న కనిపించలేదు, ఎందుకంటే అది లిబ్రేఆఫీస్ వెనక తెరుచుకుంది. పిలిచిన స్క్రిప్టు జవాబు కోసం కాచుకుని కూర్చుంది. చాలా లైబ్రరీలలో ఆ ఎదురుచూపు 25 సెకన్లు. ఆ తర్వాత జవాబు రాలేదని ఎర్రర్ వస్తుంది. స్క్రిప్టు పని కాలేదనుకుని మళ్లీ పిలిచింది, రెండో డైలాగ్ తెరుచుకుంది. ఇప్పుడు ఆ మెథడ్ "సేవ్ కాని మార్పులున్నాయి" అని పేరున్న ఎర్రర్‌ని వెంటనే తిరిగి ఇస్తుంది. ఏం చేయాలో పిలిచినవాళ్లు తేల్చుకుంటారు. ఎక్కువసేపు పట్టే పనైతే, "మొదలుపెట్టాను" అని వెంటనే జవాబిచ్చి, అయ్యాక సిగ్నల్ పంపండి.

భద్రత గురించి సూటిగా చెబుతాను. సెషన్ బస్, అంటే లాగిన్ అయిన యూజర్‌కి ఉండే డీబస్, మీద మీ మెథడ్‌ని ఆ యూజర్ నడిపే మామూలు ప్రోగ్రాం ఏదైనా పిలవగలదు. ఫ్లాట్‌ప్యాక్ లాంటి, మిగతా సిస్టంని ఇష్టమొచ్చినట్టు ముట్టుకోనివ్వని పెట్టెలో నడిచే ప్రోగ్రాములకి మాత్రం మధ్యలో ఒక వడపోత ఉంటుంది. అనుమతి లేని పేర్లతో అవి మాట్లాడలేవు. మీ ప్రోగ్రాం పెట్టె బయట ఉండి, "ఈ కమాండ్ నడుపు", "ఈ ఫైలు మీద రాయి" అనే మెథడ్లు ఇచ్చిందనుకోండి, పెట్టెలో ఉన్న ప్రోగ్రాంకి ఆ పేరు అందితే చాలు, మీ చేతులతో బయట ఏదైనా చేయించగలదు. అలాంటివి ఇవ్వకండి. ఏ వాడకందారుడు అడిగినా ఇవ్వకండి.

వెనక వరుస నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "ఇదంతా ఎందుకు, లోకల్‌హోస్ట్‌లో ఒక హెచ్‌టీటీపీ పోర్టు తెరిస్తే సరిపోదా?" మంచి ప్రశ్న. అంటే అదే కంప్యూటర్ లోపల వెబ్‌సైటులా జవాబిచ్చే ఒక తలుపు తెరవడం. నేనూ అలా చేసి చూశాను. ఆ పోర్టుకి అదే కంప్యూటర్‌లోని వేరే యూజర్లు కూడా తగులుకోగలరు. బ్రౌజర్‌లో తెరిచిన పేజీ కూడా అటు సందేశాలు పంపగలదు. ఎవరు పిలుస్తున్నారో మీరే కనిపెట్టుకోవాలి, పాస్‌వర్డు మీరే పెట్టుకోవాలి. డీబస్‌లో అవతల ఉన్నది ఏ యూజరో కెర్నలే చెబుతుంది. పైగా ఏయే మెథడ్లున్నాయి, ఏమేం తీసుకుంటాయి అని ప్రోగ్రాంనే అడిగి తెలుసుకోవచ్చు. ఇదిగో, తెర మీద చూడండి, నా ప్లేయర్‌ని అడుగుతున్నాను. పేర్లు, రకాలు అన్నీ చెప్పింది. పెద్దమ్మ పెడల్ పిలిచేది ఈ నాలుగో వరుసలోదాన్ని. వేరే కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ మీదుగా పిలవాలంటే మాత్రం మీరన్న హెచ్‌టీటీపీయే సరైనది, డీబస్ అందుకోసం కట్టింది కాదు.

ఇంకో ప్రశ్న: "పరీక్షలు ఎలా రాయాలి? నా డెస్క్‌టాప్ బస్ మీద నడిపితే నేను వింటున్న పాటే ఆగిపోతుంది." నాకూ అదే జరిగేది. డీబస్‌తోపాటే డీబస్ రన్ సెషన్ అనే కమాండ్ వస్తుంది. దాని వెనక మీ పరీక్షల కమాండ్ రాస్తే, ఆ పరీక్షల కోసమే ఒక కొత్త బస్ తెరుస్తుంది, అయ్యాక మూసేస్తుంది. మీ అసలు బస్‌ని ముట్టుకోదు. ఆ బస్ మీద ప్లేయర్‌ని తెరిచి, బయటి ప్రోగ్రాం పిలిచినట్టే పిలిచి చూడండి. ఆ పరీక్షల్లో ఒక తెలుగు పాట, కోత సగం గుర్తు మీద పడేది, తప్పకుండా పెట్టండి. కమాండ్ బోర్డు మీద రాస్తున్నాను, ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడే నడిపి చూడొచ్చు.